జిగురక్క ఎత్తిన బిళ్ళ

తల్లిదండ్రులు పెట్టిన పేరు ఆమెకు హాజరుపట్టీలో తప్ప మరెక్కడా వినబడేది కాదు. తుపాకుల రేంజిలో అందరికీ ఆమె జిగురక్క. మైదాపిండిని నీళ్ళలో కలిపి, చిటికెడు మైలుతుత్తం వేసి, ఉండ కట్టకుండా కాచిన జిగురును రేకు డబ్బాలో పోసి రోజూ వెంట తెచ్చుకునేది. ఆ జిగురుతో అంటించిన కాగితం ఎండకు లేవదు, గాలికి ఊడదు.

“ఇంట్లో పిండి తినడానికా, తూట్లకి పూయడానికా?” అని ఆమె భర్త బతికున్నన్నాళ్ళూ సణిగాడు. ఆయన ఒక బట్టల దుకాణంలో కత్తిరింపు పని చేసేవాడు.

గుంతలో పక్క బోర్డు దగ్గర పనిచేసే ఏడో నంబరామెది మరో గోల. “ఆ జిగురు కాస్త ఇవ్వక్కా. మా ఆయన్ని కుర్చీకి అంటించేస్తాను. సాయంత్రమైతే ఇంట్లో కనబడి చావడు.”

“కుర్చీతో సహా పోతాడేమో చూసుకో. ఉన్నది ఒక్కటే కుర్చీ కదా” అనేది జిగురక్క, తల ఎత్తకుండానే.

ఆమె పని నేలకు నిలువెత్తు లోతున సాగేది. కాల్చేవాళ్ళు వెయ్యి గజాల అవతల చాపల మీద బోర్లా పడుకుంటారు. ఇవతల, ఎత్తైన ఇసుక కట్టకు ముందు, పొడవాటి సిమెంటు గుంత. గుంతలో పది ఇనుప చట్రాలు, చట్రానికొక బోర్డు. తలపైన తూటా ఛెళ్ళున పోగానే బోర్డును కప్పీ మీద కిందికి దింపాలి. తూటు వెతికి అందులో అరచేతి వెడల్పు బిళ్ళను గుచ్చాలి. అంతకు ముందటి తూటు మీద కాగితం అంటించాలి. బోర్డును మళ్ళీ పైకెత్తాలి. ఇరవై లెక్కపెట్టేలోగా ఇదంతా అయిపోవాలి. తూటా తగలకపోతే ఎర్రజెండా ఊపాలి.

అప్పట్లో ఆ రేంజిలో తుపాకికి దుర్భిణి బిగించినవాడు లేడు. కంటికి దగ్గరగా ఇనుప రేకులో సన్నని రంధ్రం, గొట్టం చివర చిన్న మొల. గురి చూడడానికి ఉన్న సరంజామా అంతే. కన్ను ఒకేసారి రెండు దూరాలను స్పష్టంగా చూడలేదు గనుక మొలను పదునుగా చూసి, బోర్డులోని నల్లని బొట్టును మసకగా వదిలేయడం ఆ విద్యలో మొదటి పాఠం. పక్కన మూడుకాళ్ళ మీద నిలబెట్టిన దుర్భిణిలో కాల్చినవాడికి బిళ్ళ కనబడుతుంది, తూటు కనబడదు. గాలి తూటాను ఎటు మళ్ళించిందో, గురి సరిచేసే మర ఎంత తిప్పాలో ఆ బిళ్ళే చెప్పాలి. అంటే, అంత దూరంలో గుంతలో నిలబడ్డ మనిషిని నమ్మడం మినహా అతనికి మరో దారి లేదు.

ఆ రేంజిలో ఒక పద్ధతి ఉండేది. ట్రిగ్గర్ నొక్కిన క్షణంలో తన గురి ఎక్కడుందో కాల్చినవాడు బిళ్ళ లేవకముందే పైకి చెప్పాలి. పక్కన కూర్చున్న మరో పోటీదారు ఆ మాటను పాయింట్ల పుస్తకం అంచున రాసుకోవాలి. తరువాత లేచిన బిళ్ళ ఎంత చూపితే అంతే లెక్కలో వేయాలి. చేయి తిరిగినవాళ్ళకు తమ మాటకూ బిళ్ళకూ మధ్య జానెడు తేడా రాదు.

జిగురక్క తమ్ముడు చేయి తిరిగినవాడే. తల్లి పోయినప్పుడు వాడికి ఏడేళ్ళు, ఆమెకు పదిహేను. తల దువ్వింది ఆమె, బడికి పంపింది ఆమె, రేంజిలోని తుపాకుల గదిలో గొట్టాలు శుభ్రం చేసే పనిలో పెట్టించిందీ ఆమే. నాలుగేళ్ళు తిరిగేసరికి అక్కడి పెద్దలు వాడి చేతికి తుపాకి ఇచ్చి చూడక తప్పలేదు.

అతనికి సరిజోడు గడియారాల మాస్టారు. చౌరస్తాలో మూడడుగుల వెడల్పున గడియారాల దుకాణం ఆయనది. రోజంతా కుడికంట్లో భూతద్దం ఇరికించుకుని ఆవగింజంత మరలు బిగించే ఆ మనిషి, ఆదివారం తుపాకి వెనక పడుకుంటే శ్వాస తీసుకుంటున్నాడో లేదో తెలిసేది కాదు. గుంతలో ఉన్నవాళ్ళకు పైన ఎవరు కాలుస్తున్నారో చెప్పరు. చెప్పనక్కర లేదు, జిగురక్కకు తూట్ల వరుస చూస్తే మనిషి తెలిసేవాడు. మాస్టారి తూట్లు ఒకదాని భుజం మీద ఒకటి చెయ్యి వేసుకున్నట్లుండేవి. తమ్ముడివి నడిబొట్టుకు వెంట్రుకవాసి కుడిగా పడేవి.

ముప్పై ఒక్క ఏళ్ళ క్రితం, దేశపు జట్టులో మిగిలిన ఒక్క చోటు కోసం ఆ ఇద్దరూ పోటీపడ్డారు. పది తూటాలు, తూటాకు ఐదు పాయింట్లు. మాస్టారు ముందుగా ముగించి నలభై ఎనిమిది తెచ్చుకున్నారు. తరువాత ఆయనే పుస్తకం పట్టుకుని తమ్ముడి పక్కన కూర్చున్నారు. తొమ్మిది తూటాలకు తమ్ముడికి నలభై నాలుగు. పదోది నడిబొట్టులో పడాలి. వేరే దారి లేదు.

ఆ ఉదయం అతను అక్కతో అన్న మాట ఒకటుంది. “ఈసారి కాకపోతే మళ్ళీ తుపాకి ముట్టుకోనక్కా. గొట్టాలు తుడుచుకుంటూ ముసలాణ్ణయిపోతా.”

పదో తూటా ఛెళ్ళుమంది. జిగురక్క వెనక్కి చూసింది. కట్ట ఎడమ అంచున ఇసుక పిడికెడంత ఎగిరింది. బోర్డును దింపింది. కొత్త తూటు లేదు.

ఎర్రజెండా గోడకు ఆనించి ఉంది. చేయి చాపితే అందుతుంది. ఆమె చేయి చాపింది, కాని బోర్డు వైపు. ఎనిమిదో తూటు మీద తాను అంటించిన కాగితం ఇంకా తడిగా ఉంది. బొటనవేలి గోటితో అంచు లేపితే పొరలా ఊడివచ్చింది. కింద నడిబొట్టులో గుండ్రని తూటు. అందులో బిళ్ళ గుచ్చి బోర్డు ఎత్తింది. ఆలోచించుకునే వ్యవధి ఉంటే చేసి ఉండేది కాదు. కాని ఆ పనిలో వ్యవధి ఇరవై లెక్కపెట్టేంతే.

తమ్ముడు జట్టులోకి వెళ్ళాడు. పతకం తెచ్చాడు. అతని పేరు, ఆ నాటి నలభై తొమ్మిది, హాలు గోడ మీది చెక్కఫలకం మీద బంగారు రంగు అక్షరాలతో ఎక్కాయి. గొట్టాలు తుడిచినవాడు శిక్షకుడయ్యాడు, శిక్షకుడు రేంజికే పెద్ద అయ్యాడు. అక్క మాత్రం గుంతలోనే ఉంది. తొలి రెండేళ్ళు అతను ఇంటికి వచ్చేవాడు. తరువాత అతని భార్య వచ్చి, “మీ తమ్ముడికి తీరడం లేదు వదినా” అని చెప్పిపోయేది. ఆ తరువాత ఆ కబురూ ఆగిపోయింది. గుంత మెట్ల దగ్గర ఎదురుపడితే అతను గడియారం చూసుకునేవాడు. ఆ రోజు గురించి అక్కాతమ్ముళ్ళ మధ్య ఒక్క మాటా నడవలేదు.

మాస్టారు రేంజి మానలేదు. దుర్భిణి తుపాకులు వచ్చాయి. పక్క చాపలన్నీ వాటితో నిండాయి. ఆయన మాత్రం ఆ రంధ్రంలోంచి, ఆ మొల మీదుగానే చూస్తూ ఉన్నారు. “అద్దం లేకుండా బోర్డు ఎలా కనబడుతుంది తాతగారూ?” అని కొత్తగా చేరిన పిల్ల ఒకతె అడిగితే, “సరిగ్గా కనబడదమ్మా. కనబడితే ఇక నేర్చుకోవడానికి ఏముంది?” అన్నారు.

ఆయనకు చెప్పేయాలని జిగురక్క దుకాణానికి మూడుసార్లు వెళ్ళింది. ఊరికే వెళ్ళడానికి మొహం చెల్లక ఇంట్లోని అలారం గడియారం సంచిలో వేసుకుని వెళ్ళేది. మూడోసారి ఆయన వెనక మూత విప్పి, లోపలికి చూసి, మళ్ళీ బిగించారు.

“ఇది బాగానే నడుస్తోంది కదా జిగురక్కా. ఎందుకు తెచ్చావు?”

“ఆగిపోతుందేమోనని మాస్టారూ.”

“ఆగాక తీసుకురా.”

ఆమె గడియారాన్ని సంచిలో వేసుకుని వచ్చేసింది. ముప్పై ఒక్క ఏళ్ళలో ఆమె అంతకు మించి చెప్పలేకపోయింది. ఒక్కటి మాత్రం చేయగలిగింది. ఆ తరువాత ఎవరి బోర్డయినా సరే, వెంట్రుకవాసి అటూ ఇటూ చూపలేదు. గీతను తాకీ తాకని తూటు వస్తే కళ్ళద్దాలు సర్దుకుని, పక్క బోర్డామెను కూడా పిలిచి చూపించి, ఆ తరువాతే బిళ్ళ ఎత్తేది.

ఈ ఏడాది గుంతను మూసేయాలని నిర్ణయమైంది. బోర్డుల స్థానంలో చప్పుడును బట్టి తూటా జాడ చెప్పే యంత్రాలు వచ్చాయి. ఎక్కడ తగిలిందో చాప పక్కనే తెర మీద కనబడుతుంది. చివరిసారిగా, చేత్తో బిళ్ళ ఎత్తే పద్ధతిలో, ఇనుప గురి తుపాకులకు మాత్రమే ఒక పోటీ పెట్టారు. గెలిచినవారి పేరు ఫలకంలో అన్నిటికంటె కింద, మిగిలిన ఒకే ఒక్క ఖాళీలో రాస్తారు.

మాస్టారికి డెబ్బై రెండు. భూతద్దం పెట్టిన కన్నే మసకబారింది. అయినా పేరు ఇచ్చారు. ఆయనకు పడింది ఆరో బోర్డు, జిగురక్క చూసుకునేది.

తూట్లు పడుతూ ఉంటే జిగురక్క ఆయనను గుర్తుపట్టింది. వరుస చెదిరింది, కాని ఆ భుజం మీద చెయ్యి వేసుకునే తీరు ఇంకా అక్కడక్కడా ఉంది. అప్పటికే బ్యాంకులో పనిచేసే ఒకాయన నలభై మూడుతో అందరికంటె ముందున్నాడని లౌడ్‌స్పీకరు చెప్పింది. తొమ్మిది తూటాలకు మాస్టారికి నలభై. పదోది నాలుగో, ఐదో తెస్తే ఫలకం మీద ఆ చివరి ఖాళీ ఆయనది.

పదో తూటా ఛెళ్ళుమంది. కట్ట మీద ఇసుక లేచింది. బోర్డు దింపితే కొత్త తూటు లేదు.

ఈసారి ఆమె ఆలోచించింది. ఇరవై లెక్కపెట్టేంత వ్యవధి ఇప్పుడు ఆమెకు చాలా ఎక్కువ అనిపించింది. గోడకు ఎర్రజెండా ఉంది. తమ్ముడికి పెట్టినది ఈయనకు పెట్టకపోవడం ఏ న్యాయం? రేపటి నుంచి బోర్డూ ఉండదు, బిళ్ళా ఉండదు. నడిబొట్టులో మూడో తూటు మీద కాగితం ఎండిపోయి ఉంది. ఆమె జిగురు ఆమెకే లొంగలేదు. గోరు ఆనలేదు. మేకు తీసుకుని గీకింది. కాగితం తునకలై రాలింది. బిళ్ళ గుచ్చి, బోర్డు ఎత్తింది.

పైన చప్పట్లు వినబడ్డాయి. ఆ తరువాత అవి సగంలో ఆగిపోయాయి.

గుంతలోని టెలిఫోను మోగింది. గుంత మేస్త్రీ తీసి, విని, గొట్టాన్ని చేత్తో మూశాడు. “ఆరో నంబరు బిళ్ళ సరిచూడమంటున్నారు.”

“ఎవరు?” అంది ఏడో నంబరామె. “బ్యాంకాయనా? ఓడిపోయానని ఏడుపా?”

“కాదు. కాల్చినాయనే. తనకి ఐదు వద్దంటున్నాడు. ‘నేను పోయిందని చెప్పాను, పుస్తకంలో రాశారు, మళ్ళీ చూడండి’ అంటున్నాడట.”

ఎక్కువ పాయింట్లు కావాలని బిళ్ళ సరిచూడమన్నవాళ్ళు ఆ రేంజిలో వందలమంది. తక్కువ కావాలన్నవాడు అంతవరకు లేడు. మేస్త్రీ బోర్డు దింపించి, బిళ్ళ తీసి, తూటు దగ్గర ముక్కు పెట్టి చూశాడు. అప్పుడే పడిన తూటుకు అంచున సన్నని నల్లని మసి చుట్టు ఉంటుంది. దీని చుట్టూ తెల్లని కాగితపు నూగు, మేకు గీతలు. మేస్త్రీ ఆమె వైపు చూశాడు.

“ఏంటక్కా ఇది?”

ఆమె గోడ దగ్గరికి వెళ్ళి, ఎర్రజెండా తీసుకుని, ఆరో బోర్డు ముందు అడ్డంగా, పైవాళ్ళందరికీ కనబడేట్టు ఊపింది.

వెంటనే లౌడ్‌స్పీకరులో తమ్ముడి గొంతు వినిపించింది. “ఆరో నంబరు, పదో తూటా, సున్నా. గుంతలో పొరపాటు జరిగింది. చూశారు కదండీ, మనిషి చేతి మీద ఆధారపడితే ఇలాగే ఉంటుంది. రేపటి నుంచి ఈ బాధ ఉండదు. యంత్రానికి జాలి ఉండదు, మతిమరుపు ఉండదు.” జనం నవ్వారు.

జిగురక్క మెట్లెక్కి, కాల్పులు ఆగిన మైదానంలో ఆ వెయ్యి గజాలూ నడిచింది. మాస్టారు చాప మీద కూర్చుని తుపాకి గొట్టంలో గుడ్డ దూరుస్తున్నారు. ఆమె పక్కన కూలబడింది.

“ఎందుకు వద్దన్నారు మాస్టారూ?”

“నాకు తెలుసు కనక. ట్రిగ్గర్ నొక్కేటప్పుడు మొల ఎడమకి జారింది. బోర్డు అంచు కూడా దొరకదని నాకు తెలుసు.” ఆయన గుడ్డ బయటకు లాగి, మసి చూసి, మడత మార్చారు. “ఆ రోజు నీ తమ్ముడికీ తెలుసు.”

ఆమె తల దించుకుంది.

“వదిలీ వదలగానే ‘ఛ, పోయింది, ఎడమకి’ అన్నాడు. పుస్తకం నా చేతిలోనే ఉంది. అంచున రాశాను. తర్వాత బిళ్ళ నడిబొట్టులో లేచింది. నేను తల తిప్పి చూశాను. వాడు నా వైపు చూడలేదు.”

“అప్పుడే ఎందుకు అడగలేదు మీరు?”

“అది నీ చెయ్యి అని తెలుసు కదా. నీ చెయ్యి తప్పు చూపించదు, వాడి మాటే తప్పయ్యుంటుంది అనుకున్నాను. సాయంత్రం దాకా అలాగే అనుకున్నాను. సాయంత్రం నువ్వు డబ్బా పట్టుకుని నా ముందు నుంచే వెళ్ళావు. నా మొహం చూడలేదు.”

“మీ చోటు పోయింది నా వల్ల.”

“చోటు పోతే పోయింది, ఎవడో ఒకడికి పోయేదే. ఆ తర్వాత సంగతి వినవూ. ముప్పై ఒక్క ఏళ్ళు. నాకు ఎప్పుడు ఐదు లేచినా, నిజంగా తగిలిందా, లేక జిగురక్క పాపమని ఎత్తిందా? గాలికి మర తిప్పనా, వద్దా? గుంతలో మనిషిని నమ్మకుండా ఈ తుపాకి కాల్చడమంటే కళ్ళు మూసుకుని కాల్చడమే. నేను కొట్టిన ఒక్క ఐదు కూడా నాది అని గట్టిగా అనుకోలేకపోయాను.”

“అన్నీ మీవే మాస్టారూ. ఒట్టు. ఆ ఒక్కటి తప్ప నేనెప్పుడూ…” ఆమె ఆగింది.

“ఆ ఒక్కటే అని ఇవాళ్టికి ముందు చెప్పి ఉంటే నమ్మేవాణ్ణే.”

ఆయన తుపాకిని సంచిలో పెట్టి జిప్పు లాగారు. “నాకు ఏదైనా ఇవ్వాలని ఉంటే, అక్కడికి వెళ్ళి చెప్పు. నాతో కాదు” అన్నారు, హాలు వైపు గడ్డం చూపించి.

ఆమె వెళ్ళింది. హాలులో బ్యాంకాయనకు కప్పు ఇచ్చే ఏర్పాట్లు జరుగుతున్నాయి. తమ్ముడు వేదిక పక్కన నిలబడి మైకు తీగ సర్దుతున్నాడు.

“ఆ మైకు ఒక్క నిమిషం ఇవ్వరా.”

“దేనికక్కా?”

“ఆ ఫలకం మీది నలభై తొమ్మిది నీది కాదు. నీది నలభై నాలుగు. చెప్పేసి పోతాను.”

అతను తీగ వదిలేశాడు. ముప్పై ఒక్క ఏళ్ళలో మొదటిసారి ఆమె కళ్ళలోకి సూటిగా చూశాడు. ఏడేళ్ళప్పుడు దొంగతనంగా బెల్లం తిని పట్టుబడితే ఎలా చూసేవాడో అలా చూశాడు. అది ఒక్క క్షణం. ఆ తరువాత మళ్ళీ రేంజి పెద్ద అయ్యాడు.

“ఏం చూపించి చెప్తావు?”

“నా చేత్తో నేనే చేశాను. నా నోటితో నేనే చెప్తాను. వేరే సాక్ష్యమెందుకు?”

“అక్కా.” గొంతు తగ్గించాడు. కోపం లేదు, అదే ఆమెకు ఎక్కువ గుచ్చుకుంది. “అరగంట క్రితం ఇంతమంది ముందు అబద్ధపు బిళ్ళ ఎత్తావు. నీ మాట ఇప్పుడు ఎవరు నమ్ముతారు? పెద్దదైపోయింది, ఉద్యోగం పోతోందని తమ్ముడి మీద కసి తీర్చుకుంటోంది అనుకుంటారు. పోటీ ముందు వచ్చి చెప్పి ఉంటే, నేనైనా ఏం చేసేవాణ్ణో. ఇంటికి వెళ్ళు. కారు పంపిస్తాను.”

అతను చెప్పినది నిజం. నలభై ఒక్క ఏళ్ళపాటు ఆ రేంజిలో ఎవరూ అనుమానించని చేయి అది. నిన్నటి దాకా ఆ చేతికి ఉన్న విలువతో ఆమె ఏమైనా చెప్పగలిగేది. చెప్పలేదు. ఇవాళ చెప్పాలనుకునేసరికి ఆ విలువను తానే మేకుతో గీకి పారేసుకుంది.

అయినా ఆమె మైకు అందుకుంది. చెప్పింది. గట్టిగా, తడబడకుండా, తేదీతో సహా చెప్పింది. ముందు వరుసలో కూర్చున్న పెద్దమనిషి ఒకాయన జాలిగా తల ఊపాడు. ఎవరో మంచినీళ్ళు తెచ్చి ఇచ్చారు. ఏడో నంబరామె వచ్చి, “పద అక్కా, ఎండకి తిరిగావు కదా” అని భుజం పట్టుకుంది. ఆమె కూడా నమ్మలేదు. తమ్ముడు మైకు తీసుకుని, “మా అక్క నన్ను పెంచిన తల్లి. ఈ రోజు ఆమె మనసు బాగోలేదు. అందరూ చప్పట్లతో వీడ్కోలు చెప్పండి” అన్నాడు. చప్పట్లు చాలాసేపు మోగాయి.

మాస్టారు గేటు దగ్గర బస్సు కోసం నిలబడి ఉన్నారు. చప్పట్లు అక్కడికీ వినబడ్డాయి.

“చెప్పాను” అంది ఆమె.

“వినబడింది.”

“ఎవరూ నమ్మలేదు.”

“అదీ వినబడింది.” ఆయన జేబులోంచి ఇవాళ్టి పోటీ పుస్తకం తీసి, చివరి వరుస ఆమె ముందు పెట్టారు. పదో తూటా ఎదురుగా, అంచున కాల్చినవాడి మాట: పోయింది, ఎడమకి. లెక్కల గడిలో ఐదు రాసి కొట్టేసి, పక్కన సున్నా వేసి ఉంది. “జెండా ముందే లేచి ఈ కొట్టివేత లేకుండా ఉంటే బాగుండేది” అన్నారు.

బస్సు వచ్చింది. ఆయన తుపాకి సంచి పైకి అందించడానికి ఆమె జిగురు డబ్బాను కింద పెట్టింది. బస్సు కదిలాక దాన్ని తీసుకోబోతే మూత ఊడి, జిగురు రోడ్డు మీదికి కారుతూ ఉంది. ఆమె అది చూస్తూ కాసేపు నిలబడి, ఖాళీ డబ్బా తీసుకుని ఇంటికి నడిచింది.